చివరి ఇరువది నిమిషములు

2022వ సంవత్సరము మార్చి 20వ తేదీ, ఆదివారము రాత్రి, గోవాలోని ఫతోర్దా స్టేడియమునందు ఇండియన్ సూపర్ లీగు ఫైనలు జరుగుచుండగా, సికిందరాబాదులో మా యింటి ముందుగదిలో కూర్చుండి, 68వ నిమిషమున కేరళ బ్లాస్టర్స్ జట్టువాడు రాహుల్ గోలు కొట్టినది మొదలు ఒక కన్ను గడియారముమీదను, ఒక కన్ను టీవీమీదను ఉంచి, చేతిలోని టీ చల్లారి మీగడ కట్టిన సంగతియే మరచియున్న నన్ను చూచి, పోలీసుశాఖలో ముప్పదియేండ్లు పనిచేసి పింఛను పుచ్చుకొనుచున్న మా పక్కయింటి పెద్దాయన, "ఎందుకు పరేషాన్ అయితవు బేటా, ఇంకా టైమున్నది గదా" అని, కుర్చీలో వెనుకకు వాలి, పాన్‌దాన్ తెరచి, తీరికగా వక్క కత్తిరించుకొనుచుండెను.

ఆయన ధీమాకు ఆధారమేమో నాకు అప్పుడు బోధపడలేదు. స్టేడియములో కూర్చున్నవారందరును పసుపు చొక్కాలవారే. కాని ఆ పసుపు కేరళవారిది. ఆ దినమున పసుపు చొక్కా తొడుగుకొను హక్కు మాత్రము హైదరాబాదు జట్టునకు దక్కినందున, కేరళ ఆటగాండ్రు వేరు రంగుతో దిగవలసివచ్చెను. అనగా మన జట్టు తన రంగు చొక్కాల సముద్రమునందే పరాయిదై ఈదుచుండెనన్నమాట. రెండేండ్లపాటు మహమ్మారి భయమున ఖాళీ గ్యాలరీలయెదుట సాగిన పోటీ, చివరి దినమున జనమును చూచి, ఆ జనము ఒక్క పక్షమువారే కావడము మావంటివారికి కొంత కష్టముగానే తోచెను.

88వ నిమిషము. కేరళ పెనాల్టీ బాక్సులోనికి పోయిన బంతిని వారి డిఫెండరొకడు తలతో వెలికి నెట్టగా, అది గాలిలో గిరగిర తిరుగుచు బాక్సునకు బయట దిగవచ్చెను. బదులు ఆటగాడుగా మైదానములోనికి వచ్చిన సాహిల్ తవోరా, దానిని నేలను తాకనీయక, మోకాలు మడిచి, ఒళ్ళంతయు ప్రక్కకు వంచి, కొట్టినాడు. గోలీ దూకినాడు, దూకినప్పటికే బంతి వెళ్ళిపోయినది. నా టీ నా లుంగీమీద ఒలికినది. పెద్దాయన వక్క నమలుట ఆపక, "జూశినవా" అని మాత్రము అనెను. ఆ పిమ్మట అదనపు సమయము; దాని పిమ్మట పెనాల్టీలు; గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపెను; 3-1తో హైదరాబాదు దేశ చాంపియను అయ్యెను. తవోరాయు, కట్టిమణియు గోవావారే అనునది వేరే ముచ్చట. ఆ రాత్రి మొదట దిగిన పదునొకండుగురిలో ఒక్క హైదరాబాదీ లేడనునది మాత్రము వేరే ముచ్చట కాదు. ఈ వ్యాసమంతయు దానినిగూర్చియే.

పెద్దాయన చెప్పిన "ఇంకా టైమున్నది" అను మాటకొక చరిత్ర కలదు. నేటి కుఱ్ఱవారికి ఫుట్‌బాల్ అనగా 90 నిమిషముల ఆట. కాని మన దేశమున స్వాతంత్ర్యానంతరము చాలకాలము దేశీయ పోటీలలో ఆట 70 నిమిషములకే ముగియుచుండెను. అర్ధభాగమునకు 35 నిమిషములు. ఎండ, గట్టినేల, చాలమంది వట్టికాళ్ళతో ఆడుట, ఆటగాండ్రకు సరియైన తిండి లేకపోవుట ఇవన్నియు అందుకు కారణములుగా చెప్పుకొనెడివారు. కనుక నేను మురిసిపోయిన ఆ 88వ నిమిషము ఆ రోజులలో ఇచటి ఏ మైదానమునందును పుట్టనే పుట్టదు. అట్టి దేశమునుండి ఒక జట్టు విదేశమునకు పోయి, 90 నిమిషములు ఆడువారితో తలపడినపుడు, ఆ చివరి ఇరువది నిమిషములు ఎవరివి? ఆ ప్రశ్నను తలకెత్తుకొనిన మనిషి మా నగరమునందే పుట్టెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్.

1909వ సంవత్సరము ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన రహీమ్ వృత్తిచేత బడిపంతులు. జనులు ఆయనను రహీమ్ సాహెబ్ అని పిలుచుచుండిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, తుదిశ్వాస వరకును ఆ పదవిలోనే ఉండెను. ఇటీవల, 2024లో, ఆయన జీవితమునాధారముగా 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చిన తరువాతనే చాలమందికి ఆ పేరు తెలిసినది, మంచిదే. కాని సినిమా చూపగలిగినది విజిళ్ళను, కేకలను, కంటతడిని. ఆయన అసలు చేసిన పని అంతకంటె నిశ్శబ్దమైనది. పంతులు పిల్లలకు ఎక్కములు వల్లె వేయించునట్లు, ఆయన నగరముచేత ఫుట్‌బాలును వల్లె వేయించెను.

ఆ వల్లె వేయించుట ఎట్టిదో ఒకింత చెప్పవలసియున్నది. రహీమ్ సాహెబ్ ఆధ్వర్యమున హైదరాబాదులో కొన్ని వింత పోటీలు జరుగుచుండెను. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషిద్ధము: బంతి కాలికి వచ్చినదే తడవుగా తోడివానికి అందింపవలెనేగాని, దానిని ముద్దుచేసికొనుచు నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకొనరాదు. ఇంకొక పోటీలో ఆటగాడు తన వాలుగాని కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. మరియొకటి పొట్టివారికి; నిర్ణీతమైన ఎత్తు మించినవానికి అందు ప్రవేశము లేదు. ఎడమచేత్తో అన్నము తినుమన్నట్లుండు ఈ నియమములను తలచుకొనిన నవ్వు వచ్చును. కాని తన చేతకానితనమును నలుగురిలో కొన్నాళ్ళు అభ్యసించినవానికి రెండు కాళ్ళు కలవు. ఒకే కాలి పనివాని దారి మూసికొనినవాడు ఇతని యెదుట ఏ దారి మూయవలెను? పైగా డ్రిబ్లింగు మానిన జట్టు తక్కువ పరుగెత్తును. బంతి పరుగెత్తును, మనిషి నిలుచును. చివరి ఇరువది నిమిషములకు కావలసిన ఊపిరి ఈ పొదుపునుండియే వచ్చినదని నా ఊహ.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. సంస్థానము భారతదేశమున కలిసి అప్పటికి రెండేండ్లు మాత్రమే. నగరము ఇంకను తన ముఖమును తానే అద్దములో చూచుకొని గుర్తుపట్టుచుండిన కాలమది. ఆ యేడే, స్వతంత్ర భారతమున ఢిల్లీలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు ఫైనలులో పోలీసులు కలకత్తా మోహన్ బగాన్‌ను ఎదుర్కొనిరి. మొదటి ఆట 1-1తో తేలలేదు. మరల ఆడిరి, 1-0తో గెలిచిరి. ఆ యేడే బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచి, 1954 వరకు వరుసగా ఐదేండ్లు దానిని మరియొకరికి ఇయ్యలేదు. తరువాత 1957లో, 1960లో. రాష్ట్రము మారి పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయిన పిమ్మట 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకొని, 1963లో ఒంటరిగాను గెలిచిరి. డ్యూరాండ్ నాలుగుసార్లు. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ సైతము హైదరాబాదుదే.

ఇన్ని కప్పుల పట్టికను వరుసగా అప్పగించుట నాకును రుచింపదు. కాని నేడు మూడు ఆటలు గెలిచిన జట్టును "ఫామ్‌లో ఉన్నది" అని, రెండు ఓడినంతనే "ఫామ్ పోయినది" అని తీర్పులు చెప్పు మావంటి అభిమానులకు, ఐదేండ్లపాటు పోని ఫామ్ అనగా ఏమో తెలియవలెను గదా. అది ఎందుచేత పోలేదు? నాకు తోచిన కారణము చాల మోటుది: జీతము. ఆ ఆటగాండ్రందరును పోలీసు ఉద్యోగులు. నెల తిరుగగనే జీతము వచ్చును. ఉదయము ఎక్కడికి పోవలెనో తెలియును. పక్కన నిలుచువాడు నిన్నటివాడే, రేపును వాడే. ఒకడు బంతిని ఎటు తన్నునో రెండవవాడు చూడకయే ఎరుగును. 1952, 1956 ఒలింపిక్సు రెంటికిని పోయిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ అట్టి జట్టులో పండినవారు. మా పెద్దాయన చిన్ననాట తన తండ్రి భుజములమీద కూర్చుండి ఫతే మైదానులో ఈ జట్టు ఆటను చూచెనట. "గోల్ గురించి నాకు యాదికి లేదు. వాళ్ళు ఒకరినొకరు పిలుసుకునేటోళ్ళు కాదు బేటా. నోరు తెరువకుండ ఆడేటోళ్ళు" అని ఆయన అనెను. ఒక చిన్నపిల్లవాడు గమనించినది అది.

పోలీసు లైనుల వెలుపలను ఆట ఉండెను. బొలారము, తిరుమలగిరి కంటోన్మెంటులలో ఇంగ్లీషు సోల్జర్లు వదలిపోయిన అలవాటు, రైల్వేవారి లాలాగూడ, అరబ్బు సిపాయిల సంతతివారుండు బార్కస్, ఇవన్నియు ఫుట్‌బాల్ పేటలే. అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరామ్ కథ అందరు చెప్పుకొనునదే ఐనను ఇచట చెప్పకుండ ఉండలేను. ఆ పిల్లవానికి బూట్లు కొను తాహతు లేక, పోలీసులు వాడి పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టువానికిచ్చి, ఆట బూట్లుగా మార్పించుకొనెను. ఊహించి చూడుడు: కవాతుచేసి చేసి బిగిసిన తోలు, దానిమీద కొత్త కుట్లు, అడుగున మేకులతో కొట్టిన తోలు బిళ్ళలు. రహీమ్ సాహెబ్ అతనిని చూచి అభ్యాసమునకు రమ్మనగా, అమ్ముగూడనుండి పట్టణమునకు రాకపోకలకు డబ్బులేదని పిల్లవాడు చెప్పెను. అద్దె సైకిలుకై రోజుకొక రూపాయి ఏర్పాటు చేయబడెను. ఆ సైకిలుమీద వచ్చినవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు పోయెను. 1960లో రోములో, బలమైన హంగరీ జట్టుమీద, ఆట ముగియవచ్చు వేళ గోలు కొట్టెను. రూపాయి అద్దెకు ఇంతకు మించిన వడ్డీ ఎవరికి ముట్టినది?

దేశపు జట్టునకు కూడ రహీమే గురువు. 1952లో హెల్సింకీలో, చలిలో, అనేకులు బూట్లు లేకయే ఆడగా, యుగోస్లావియా 10-1తో మనలను చితుకగొట్టెను. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలు చేరితిమి. అందు అదే యుగోస్లావియామీద ముందు గోలు మనవాడు నెవిల్ డిసౌజా కొట్టగా, పిమ్మట వారు నాలుగు కొట్టిరి. ముందంజలో ఉండియు నిలువలేకపోతిమి. 70 నిమిషముల దేశమునకు 90 నిమిషముల గడియారము చెప్పిన పాఠమది. పంతులు ఆ పాఠమును మరువలేదు.

1962లో జకార్తా ఏషియన్ క్రీడలనాటికి ఆయన ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణకొరియాచేతిలో 2-0తో ఓడితిమి. నేటి అభిమానులైనచో ఆ రాత్రియే శిక్షకుని మార్చుమని గోల పెట్టియుందురు. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను, దక్షిణ వియత్నామును 3-2తోను గెలిచి, సెప్టెంబరు 4న ఫైనలులో మరల అదే కొరియా యెదుట నిలిచిరి. ఇజ్రాయేలు, తైవానులను ఆ క్రీడలకు రానీయని విషయమున మన ప్రతినిధి ఒకరు చేసిన వ్యాఖ్యచేత ఆతిథేయ ప్రజలు మండిపడియుండగా, సుమారు లక్షమంది ఒక్క గొంతుతో మనవారిని గేలిచేయుచుండిరి. గ్యాలరీలో మన పక్షమున అరచినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రు. తలకు కుట్లు పడియుండిన డిఫెండరు జర్నైల్ సింగును రహీమ్ సెంటర్ ఫార్వర్డుగా దింపెను. జ్వరమునుండి తేరుకొనిన, హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజును గోలులో నిలిపెను. మొదటి ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టిరి. ఆపైన డెబ్బది నిమిషములు కాపాడుకొనవలెను. 85వ నిమిషమున కొరియా ఒక గోలు కొట్టెను.

ఆ తరువాతి ఐదు నిమిషములను నేను చూడలేదు. ఆనాటికి నేను పుట్టనైనను లేదు. ఐనను వానిని నేను చూచినట్లే తోచును. లక్ష గొంతుకలు, ఒక తంగరాజు, గీతప్రక్కన జబ్బుమనిషి యొకడు. 2-1. ఆ స్కోరు అట్లే నిలిచెను. ఆసియా స్వర్ణము మరల భారత ఫుట్‌బాలునకు నేటివరకు రాలేదు. రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూసెను. ఆ యేడు సైతము పోలీసులు రోవర్స్ కప్పు తెచ్చిరి, అదియే కడపటిది.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నది సామెత. మా నగరము రచ్చ గెలిచినది, ఇంటిని నిలుపుకొనలేకపోయినది. మొదటినుండియు కలకత్తా క్లబ్బులు వచ్చి మా పిల్లలను కొనిపోవుచుండెను. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయెను. తరువాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ. హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్సులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుమీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు. ఆయన తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా డెర్బీలో ఆట మొదలైన 17వ సెకనుననే గోలు కొట్టినవాడు. అన్న చివరిదాక పోరాడును, తమ్ముడు చివరిదాక ఆగడు అని ఇచటివారు హాస్యమాడుకొనెడివారు. వారు పోయినందుకు వారిని తప్పుపట్టుటకు వీలులేదు. అచట డబ్బు, పేరు, లక్షమంది. ఇచట ఏమున్నది? మైదానములు ఒక్కొక్కటిగా క్రికెట్టు పిచ్చులయ్యెను, కొన్ని కళ్యాణమండపములకు కారు పార్కింగులయ్యెను. పాఠశాలల పోటీలు సన్నగిల్లెను. ఎడమకాలి పోటీని పెట్టు పంతులు మరి పుట్టలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ, కొలిమి ఆరిన పిమ్మటను కొంతసేపు ఎఱ్ఱగానుండు ఇనుమువంటిది.

కనుకనే 2019 ఆగస్టులో హైదరాబాదు పేరుతో ఒక క్లబ్బు లీగులో వెలసినపుడు, అది పుణె క్లబ్బు మూతబడిన స్థానమున వచ్చినదని తెలిసియు, మేము ఎగిరి గంతువేసితిమి. మొదటి యేడు రెండు ఆటలే గెలిచి అట్టడుగున నిలిచెను. గచ్చిబౌలిలో నా పక్క సీటులో కూర్చున్నవాడు సమోసా తినుటకే వచ్చుచున్నానని చెప్పెడివాడు. తరువాత మనోలో మార్కెజ్ అను స్పానిష్ గురువు వచ్చెను. ఐదవ స్థానము, ఆపై రెండవ స్థానమును కప్పును, మరుసటి యేడు మరల రెండవ స్థానము. మన జట్టు ఫార్వర్డు ఓగ్‌బెచే 2021-22లో 18 గోలులు కొట్టెను. బంతి పరుగెత్తి మనిషి నిలుచు ఆటను మరల ఈ ఊరి పేరుమీద చూచితిమి.

పిదప జీతముల చిక్కులు మొదలయ్యెను. గురువు గోవాకు వెళ్ళెను. ఆటగాండ్రు ఒకరివెంట ఒకరు వెళ్ళిరి. 2023-24లో 22 ఆటలకు గెలుపు ఒక్కటి. ఆ మరుసటి యేడు పదమూడింట పన్నెండవ స్థానము. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు సైతము మార్చుకొనెను. ఫామ్ పోయినదని పత్రికలు వ్రాసినవి. నేను ఒప్పుకొనను. సిటీ పోలీసువారి ఫామ్ ఇచటి నేలలో వేరుపారినది. కొమ్మలను కలకత్తావారు విరుచుకొనిపోయినను చాలకాలము చిగిర్చెను. ఈ క్లబ్బుది కుండీలోని మొక్క. దానిమీద నాకు కోపము లేదు. 88వ నిమిషమున అది పూచినదే, నేను చూచినదే. కాని కుండీని ఎత్తుకొని పోవుటకు ఇద్దరు మనుషులు చాలును.

మొన్న ఆదివారము ఉదయము జింఖానా మైదానము ప్రక్కగా పోవుచు, గుంపును చూచి ఆగితిని. రెండేసి ఇటుకలే గోలు స్తంభములు. ఒక జట్టులో ఇద్దరు మువ్వురు ఆ పాత పసుపు చొక్కాలు తొడిగియున్నారు. వెనుక పేరు చెరిగిపోయి అక్షరములు తెల్లని చారలైనవి. అందులో ఒక బక్కపిల్లవాడు, పదేండ్లుండవచ్చును, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఏమియు లేదు. బూటున్న కాలు ఎడమది. బంతి వచ్చినప్పుడెల్ల దానిని ఎడమకు మరల్చుకొనుటకు తంటాలు పడుచు, రెండుసార్లు జారిపడి, మూడవసారి తన్నినాడు. అది ఇటుకకు తగిలి బయటకు పోయినది. స్కోరెంతయని అడుగగా ఒకడు మూడు రెండనెను, మరియొకడు కాదు రెండు రెండనెను; వారిద్దరును కాలరు పట్టుకొనుటతో ఆట కొంతసేపు ఆగెను. నా బస్సు అవతలి ప్రక్క స్టాపులో ఆగి, హారను కొట్టి, వెళ్ళిపోయెను. తరువాతి బస్సు అరగంటకుగాని లేదు. ఇటుకలను సరిచేసి మరల మొదలుపెట్టిరి.